వర్ని రాళ్లలో వెదుకులాట



వర్ని, బోధను, బాన్సువాడ ప్రాంతములలో చదువుకొను పిల్లలు పుస్తకములలోను, పటములలోను రెండు వింతప్రాణుల బొమ్మలను చూచుచుందురు. ఒకటి ట్రైలోబైటు, రెండవది క్రినాయిడు. బొమ్మ క్రింద శిలాజమని వ్రాసియుండును. ఆ బొమ్మను చూచిన చురుకైన బాలుడు సెలవునాడు సుత్తి యొకటి సంపాదించి ఊరి గుట్టకు పోవును. ప్రొద్దు గ్రుంకువరకు రాళ్లు పగులగొట్టును. పగిలిన ప్రతి రాయియు లోపల వెలుపల ఒక్క తీరుననే యుండును. అంతట వాడు, పుస్తకమైన అబద్ధము కావలెను, నా కన్నైన మంచిది కాకపోవలెను అని నిశ్చయించుకొని ఇంటికి వచ్చును. ఈ రెండును సరికావు. ఆ గుట్టలో అవి ఏల లేవు, ఉన్నవేమి, వెదుకదలచినవాడు ఏ దిక్కునకు నడువవలెను అను మూడు సంగతులను ఈ కొద్దిసేపటిలో మనవి చేయుదును.

ముందుగా ఆ బొమ్మల కథ. ట్రైలోబైటు సముద్రపు అడుగున ప్రాకిన ప్రాణి. పెంకుగల పురుగువంటిది. దాని వీపు నిలువున మూడు పాళ్లుగా విభక్తమై యుండుటచేత ఆ పేరు వచ్చినది. వానకాలమున మన వాకిళ్లలో కనబడు రోకలిబండను పుల్లతో తాకినచో చుట్టచుట్టుకొనును గదా. అనేక ట్రైలోబైటులు సరిగా అట్లే చుట్టచుట్టుకొని రాళ్లలో దొరకును. ఏ బురద పైబడినదో, ఏ శత్రువు మీదికి వచ్చినదో, ఆ భయమున ముడుచుకొన్న ముడుపు ఇన్ని కోట్ల సంవత్సరములైనను విడలేదు. వాని కన్నులు మరియొక వింత. మన కన్నులవలె మెత్తనివి కావు, సున్నపుస్ఫటికముతో కట్టినవి. రాయివంటి కన్నులు గనుకనే రాతిలో నిలిచినవి. పాము కుబుసము విడిచినట్లు ఈ ప్రాణి పెరుగుచు పెంకు విడుచుచుండెడిది గావున, ఒక్క ప్రాణియే తన జీవితమున అనేక శిలాజములకు కారణము కాగలిగినది. సుమారు 52 కోట్ల సంవత్సరముల క్రిందట ఇవి రాళ్లలో మొదట కన్పట్టును. సుమారు 25 కోట్ల సంవత్సరముల క్రిందట ఒక్కటియు మిగులక నశించినవి. ఈ నడుమ 20,000కు మించిన జాతులు జీవించినట్లు పండితులు లెక్కించిరి. మినపగింజంతవి కలవు, కెనడాదేశమున 1998లో దొరకినది 70 సెంటీమీటరులకు పైగా నున్నది.

క్రినాయిడును సముద్రపు కలువ యందురు. చూపునకు పువ్వు, నిజమునకు జంతువు. కాడపై నిలిచి, రేకులవంటి చేతులు చాచి, నీటిలో కొట్టుకొనివచ్చు సూక్ష్మాహారమును పట్టుకొనును. చచ్చిన పిదప కాడ విడివడి బిళ్లలు బిళ్లలుగా రాలిపోవును. ఒక్కొక్క బిళ్ల చిన్న తిరగలిరాయివలె గుండ్రముగా, నడుమ రంధ్రముతో నుండును. ఇంగ్లండు ఉత్తరతీరమున లిండిస్‌ఫార్ను దీవిలో జనులు ఈ బిళ్లలను ఏరి, సెయింట్ కత్‌బర్ట్ అను సాధువు పేరిట పూసలనిరి, జపమాలలుగా గ్రుచ్చుకొనిరి. ట్రైలోబైటులు నశించినను క్రినాయిడులు నశింపలేదు. లోతు సముద్రములలో నేటికిని ఇవి జీవించుచున్నవి.

ఊరి ప్రక్క గుట్టలో ఈ రెండును దొరకు అదృష్టవంతులు లేకపోలేదు. ఇంగ్లండులో డడ్లీ యను పట్టణము ప్రక్కన రెన్స్ నెస్ట్ అను చిన్నకొండ యున్నది. అది సున్నపురాయి. ఇనుపకొలుములకొరకు ఆ రాతిని త్రవ్విన కూలీలకు ట్రైలోబైటులు ఎంత విరివిగా దొరకినవనగా, జనులు దానిని డడ్లీ పురుగు అని ముద్దుపేరు పెట్టి పిలిచిరి. పట్టణపు చిహ్నముపై దాని రూపమును చెక్కించుకొనిరి. 1956లో ఆ కొండ రక్షితభూమి యైనది. మన బాలుడు చూచిన బొమ్మలు అట్టి కొండలనుండి వచ్చినవి. డడ్లీకొండ సుమారు 43 కోట్ల సంవత్సరముల క్రిందటి వెచ్చని సముద్రపు అడుగు. మన బడాపహాడు దిక్కున నున్న గుట్టలు ఎన్నడును సముద్రపు అడుగు కావు.

మరి ఏమి? వర్నికి తూర్పున నున్న గుట్టలను, నిజామాబాదు చుట్టును గుండుపై గుండు నిలిపినట్లున్న కొండలను చూడుడు. అవి గ్రానైటు రాళ్లు. భూమి లోతున కరగియున్న పదార్థము మెల్లమెల్లగా చల్లారి గట్టిపడగా ఏర్పడినవి. చేత పట్టి చూచినచో తెల్లని, గులాబిరంగుగల, నల్లని పలుకులు ఒకదానిలో నొకటి దిగి మెరయుచుండును. వీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. కొలిమిలో కరగిన లోహమున చీమ బ్రదుకునా? అట్లే ఈ రాతిలోను ప్రాణి చిహ్నము నిలుచుటకు అవకాశము లేదు. అంతియ కాదు. ఈ రాళ్లు పుట్టునాటికి కన్నులు, కాళ్లు, పెంకులు గల ప్రాణి భూమిపై ఎక్కడను లేదు. తొలి ట్రైలోబైటు పుట్టుటకు ఇంక దాదాపు రెండువందల కోట్ల సంవత్సరములు గడువవలసి యుండెను. రైతు చెలక దున్నునప్పుడు నాగటికి తగులు మొరము ఈ రాయి చీకిపోగా వచ్చినదే. దానిని ఎంత జల్లించినను శిలాజము రాదు.

ట్రైలోబైటులు సముద్రములలో విహరించిన కాలమున ఈ తెలంగాణపు గ్రానైటు భూమి ఎండకు వానకు అరుగుచుండెను. ఆనాటి సముద్రపు పొర యేదియు ఈ ప్రాంతమున నిలిచి యుండలేదు. మనదేశమున ట్రైలోబైటు కావలెనన్నచో హిమాలయములకు పోవలెను. స్పితి ప్రాంతమున పరాహియో లోయలో హేడన్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు పోగుచేసిన వానిని కౌపర్ రీడ్ అను పండితుడు పరిశీలించి 1910లో గ్రంథము ప్రకటించెను. కాశ్మీరమునను దొరకినవి. ఉప్పుకొండలలోను దొరకినవి గాని అవి నేడు పాకిస్తానులో నున్నవి. క్రినాయిడు కాడబిళ్లలకు అంత దూరము పోనక్కరలేదు. ఛత్తీస్‌గఢ్‌లోని మనేంద్రగఢ్ వద్ద హస్దేవ్ నదిగట్టున ఒక సముద్రపు పొర యున్నదని 1954లో కనుగొనిరి. చలిగడ్డల యుగము వెనుకబడుచుండగా సముద్రము ఒక పాయగా లోనికి చొచ్చుకొనివచ్చి పోయిన గురుతు అది. అందు ఆల్చిప్పలతోపాటు క్రినాయిడులును కలవు.

ఇక మన ఇండ్లలోనికి వత్తము. నిజామాబాదు జిల్లాలో పాతయిండ్ల నేలపై పరచిన తాండూరు, షాబాదు బండలను మీరెరుగుదురు. కొన్ని బండలమీద నల్లని సన్నని కొమ్మలు, రెమ్మలు గల చెట్టు అచ్చొత్తినట్లుండును. దానిని చూపి, ఇదిగో నాచుమొక్క శిలాజమని చెప్పువారు అనేకులు. అది మొక్క కాదు. మాంగనీసు కలిసిన నీరు రాతిపొరల సందున ఇంకి, ఆరిపోవుచు వ్రాసిన చిత్రము. చలిదేశములలో కిటికీ అద్దముపై మంచు ఆకులవలె పేరుకొనుట విన్నారు గదా, ఇదియు అట్టిదే. ఈ సున్నపుబండలు ట్రైలోబైటులకంటె పాతవి. భీమానదీ ప్రాంతపు శిలాపొరలలో చువారియా యను ఒక సూక్ష్మజీవి గుర్తులను పండితులు వర్ణించిరి. ఒకటి రెండు మిల్లీమీటరుల నల్లని గుండ్రని మచ్చ, అంతియే. చూచుటకు ఆవగింజను నలిపినట్లుండును. కాని, చెట్టుబొమ్మ అబద్ధము, మచ్చ నిజము. ఈ విద్యలో ప్రతి దినమును ఎదురగు చమత్కారమిది.

రేగడిచేలలో దొరకు తెల్లని సున్నపుగడ్డలు కూడ ఎముకలను మరపించును. వ్రేలివలె, కీలువలె, దౌడవలె నుండునవి దొరకును. పగులగొట్టి చూచినచో లోపల ఎముకకుండు సన్నని గుల్లదనము కన్పట్టదు. ఉత్త సున్నము, మట్టి. నల్లరాతిలో బాదంగింజలవలె పొదిగియున్న తెల్లని, ఆకుపచ్చని పలుకులు విత్తనములు కావు. లావాలోని గాలిబుడగలను పిదప ఖనిజములు నింపగా నేర్పడినవి. అకీకు రాళ్లు అట్లు పుట్టినవే.

ఇన్ని కానివానిని చెప్పి నిరుత్సాహపరచితినని తలపకుడు. తెలుగుదేశమున ఎన్నో ఇండ్లలో నిజమైన సముద్రశిలాజ మొకటి పూజామందిరమున వెలసియున్నది. సాలగ్రామము. నేపాలమున గండకీనది మోసికొనివచ్చు నల్లని గుండ్రాయిలోపల చక్రము కనబడును. ఆ చక్రము అమ్మొనైటు అను ప్రాణి గవ్వ. సుమారు 15 కోట్ల సంవత్సరముల క్రిందట, హిమాలయము పుట్టకముందు, అక్కడ నున్న సముద్రమున ఈదిన జంతువు గవ్వపై బురద పేరుకొని గట్టిపడినది. నేడది సముద్రమునకు వేలకొలది అడుగుల ఎత్తున దొరకుచున్నది. పూజించువాడు చక్రమును విష్ణుచిహ్నముగా చూచును. శాస్త్రజ్ఞుడు గవ్వలోని గదులను లెక్కించును. ఒకరి చూపు ఇంకొకరి చూపునకు అడ్డురానక్కరలేదు. అయితే సాలగ్రామమును సుత్తితో పగులగొట్టి చూడుమని నేను చెప్పను. పెద్దలు నన్ను ఇంట అడుగుపెట్టనీయరు.

ఇప్పుడు సంచి భుజమున వేసికొని పడమటి దిక్కునకు నడువుడు. మంజీర దాటి బిచ్కుంద, మద్నూరు, జుక్కలు వైపు పోవుకొలది నేల రంగు మారును. చెలక పోయి నల్లరేగడి వచ్చును. గుండ్లకొండలు పోయి, పైభాగము బల్లవలె చదునుగా, ప్రక్కలు మెట్లుమెట్లుగా నున్న గుట్టలు వచ్చును. ఇది దక్కను లావా సీమ. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట భూమి నెర్రెలు విచ్చి కరగిన రాయి పొరలుపొరలుగా పారి, నేటికిని సుమారు 5 లక్షల చదరపు కిలోమీటరుల మేర కప్పియున్నది. గ్రానైటులో లేనట్లే ఈ నల్లరాతిలోను శిలాజము లేదు. కాని ఒక భేదము కలదు. లావా ఒక్కమారుగా పారలేదు. ఒక పొర పారి చల్లారిన తరువాత మరియొక పొర పారుటకు నడుమ వందలు, వేల సంవత్సరముల తెరపి దొరకినది. ఆ తెరపిలో వానలు కురిసినవి. పల్లములలో చెరువులు నిలిచినవి. చెరువులలో నత్తలు, చేపలు, కప్పలు పుట్టినవి. గట్లపై చెట్లు మొలచినవి. పిదప మరల లావా వచ్చి చెరువును మూతవేసినది. అన్నము ఉడుకుచున్న గిన్నెపై మూత పెట్టినట్లు కాదు. బాలింతకు కాయము దాచిన జాడీకి వాసెన కట్టినట్లు. లోపలిది చెడక నిలిచినది.

ఈ చెరువుపొరలను మొట్టమొదట గమనించి లోకమునకు చెప్పినవారిలో ముఖ్యుడు మన పొరుగుననే వెదకెను. మద్రాసు సైన్యమున వైద్యుడైన మాల్కంసన్ హైదరాబాదు రాజ్యమున సంచరించుచు, నిర్మలకు ఉత్తరమున ఉట్నూరు వైపు కొండలలో, నల్లరాతిపొరల నడుమ గట్టి చెకుముకివంటి రాతిలో నత్తగుల్లలు, ఆల్చిప్పలు, నీటిమొక్కల కాయలు కనుగొనెను. ఆ సంగతులతో ఆయన వ్రాసిన వ్యాసము లండను భూగర్భశాస్త్ర సంఘమువారి గ్రంథమున 1840లో అచ్చయినది. ఆయనకు ముందు వాయిసీ యను మరియొక వైద్యుడు, లాంబ్టన్ దొరగారి త్రికోణమితి సర్వేతో హైదరాబాదునకు వచ్చి, ఈ సీమ రాళ్లను పరిశీలించి, 1824లో మరణించెను. రాతి పరిశోధన చేసినవారు ఇద్దరును వైద్యులే యగుట గమనింపదగినది. ఆ కాలమున శరీరనిర్మాణము చదివినవాడే ఎముకను ఎముకగా, గుల్లను గుల్లగా గుర్తింపగలిగెను.

మాల్కంసన్ తెచ్చిన గుల్లలను సోవర్బీ అను పండితుడు వర్ణించి పేళ్లుపెట్టెను. నత్తలలో ముఖ్యమైనదానికి ఫైసా ప్రిన్సెపీ అను నామమిచ్చెను. ప్రిన్సెప్ ఎవరు? అశోకుని శాసనముల బ్రాహ్మీలిపిని చదివి మనకు ఇచ్చిన జేమ్సు ప్రిన్సెప్. ఆయన మరణించిన 1840వ సంవత్సరమే ఆ పేరు అచ్చునకెక్కెను. రాతిమీది అక్షరమును చదివినవాని పేరు రాతిలోపలి నత్తకు చేరినది. ఇంతకంటె తగిన బిరుదు ఏ సంస్థానాధీశుడు ఇవ్వగలడు? నీటిమొక్క కాయకు మాల్కంసన్ పేరే పెట్టిరి. అది ఆవగింజకంటె చిన్నది; దానిచుట్టును తిరుగుచు పోవు సన్నని గీతలను చూచుటకు భూతద్దము కావలెను.

ఈ నత్తను గుర్తించుట సులభము. అంగుళము మొదలు రెండంగుళముల వరకు ఉబ్బిన గుల్ల. నల్లని, బూడిదరంగు రాతిలో తెల్లగా కనబడును. కొనను పైకి పట్టి నోటిని మనవైపు త్రిప్పుకొన్నచో నోరు ఎడమప్రక్కన నుండును. మన చెరువులలోని సామాన్యపు నత్తను అట్లే పట్టి చూడుడు, నోరు కుడిప్రక్కన నుండును. అరుదని ఎంతో వెల యిచ్చి కొను దక్షిణావర్తశంఖము చుట్టుకూడ ఫైసా చుట్టువంటిదే. మనవారు శంఖమును తలక్రిందుగా పట్టి చూతురు గనుక ఆ ఎడమను కుడి యనిరి. శంఖములలో లక్షకొక్కటిగా వచ్చు రూపము ఈ నత్తజాతికి ఇంటింటి రూపము.

మాల్కంసన్ పిమ్మట ఈ పొరలను శ్రద్ధగా వెదకినవాడు నాగపురమున నుండిన స్కాట్లండు పాదరీ స్టీఫెన్ హిస్లాప్. తన సహచరుడగు హంటరుతో కలిసి నత్తలు, ఆకులు, పండ్లు, పురుగుల రెక్కలు కూడ ప్రోగుచేసెను. గోండుల భాషను నేర్చి వారి పాటను వ్రాసికొనెను; ఆ వ్రాతలు ఆయన మరణానంతరము 1866లో ప్రకటింపబడినవి. 1863 సెప్టెంబరు నెలలో తాకల్‌ఘాట్ వద్ద పురాతన శిలావలయములను, మన రాక్షసగుళ్లవంటి వానిని, చూచి తిరిగివచ్చుచు, చీకటిలో పొంగిన వాగు దాటబోయి మునిగి చనిపోయెను. అప్పటికి ఆయనకు నలువదియైదేండ్లు. వానకాలమున మంజీరకు వచ్చు పోటును ఎరిగినవారు ఈ సంగతిని ఊరక వినిపోరనుకొందును.

హిస్లాప్ పేరు మరల 1988లో వినవచ్చినది, అదియు తెలంగాణమునుండియే. వికారాబాదు సమీపమున నస్కల్ అను గ్రామమున ఇట్టి చెరువుపొర యొకటి కలదు. ఆ మట్టిని జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సహ్నీ అను శాస్త్రజ్ఞులు జల్లించి పరిశీలింపగా అతిసూక్ష్మమైన పళ్లు దొరకినవి. కంది గింజకంటె చిన్నవి. చుంచెలుకంతటి పాలిచ్చు జంతువు పళ్లు అవి. రాక్షసిబల్లుల కాలపు చివరి భాగమైన క్రిటేషియస్ యుగపు పాలిచ్చు జంతువు చిహ్నము మనదేశమున దొరకుట అదే ప్రథమము. దానికి దక్కనోలెస్టిస్ హిస్లాపీ యని పేరుపెట్టిరి. లావా మండుచున్న ఆ దక్కనులో, ఆకుల క్రింద పురుగులను తినుచు కాలము గడపిన ప్రాణి. ఏనుగంత ఎముక దొరకినచో పత్రికలు వ్రాయును. ఈ పంటికి అంత పేరు రాలేదు. నా దృష్టిలో ఇది తెలంగాణమున దొరకిన శిలాజములలో అత్యంత విలువైనవానిలో నొకటి.

అట్టి పన్ను ఎట్లు దొరకునని మీరడుగుదురు. సుత్తి అందుకు పనికిరాదు. చెరువుపొరలోని మెత్తని మట్టిరాతిని తెచ్చి ఎండలో బాగుగా ఆరబెట్టవలెను. తడి ఇసుమంతయు ఉండరాదు. పిదప కిరసనాయిలులో కొన్ని గంటలు నాననిచ్చి, నూనెను వంచివేసి, నీరు పోయవలెను. రాయివలె నున్న గడ్డ కన్నులయెదుట బురదయై కరగిపోవును. ఆ బురదను సన్నని జల్లెడపై కడిగి, మిగిలిన పలుకులను ఆరబెట్టి, భూతద్దము క్రింద సూదికొనతో ఒక్కొక్కటిగా విడదీయవలెను. బియ్యములో రాళ్లు ఏరు మన ఆడవారి చేతికి ఈ పని వెన్నతో పెట్టిన విద్య. పిల్లలు మాత్రము పెద్దలు దగ్గర లేనిదే కిరసనాయిలును ముట్టరాదు, దగ్గర నిప్పుండరాదు.

పొరను కనుగొనుట ఎట్లు? వాగు కోసిన గట్లు, క్రొత్తగా త్రవ్విన బావులు, బాట వేయుటకు కోసిన గుట్ట ప్రక్కలు చూడవలెను. నల్లరాతిపొరపై నల్లరాతిపొర యున్నచోట, నడుమ ఎర్రని మట్టిచార ఉన్నచో అది ఒక లావా చల్లారి మరియొక లావా వచ్చుటకు ముందు నేల పండిన గురుతు. అట్టి నడిమి చోటున పచ్చని, బూడిదరంగు మట్టిరాయి గాని, గాజువలె పగులు గట్టిరాయి గాని జానెడు మొదలు రెండు మూడు నిలువుల మందమున ఉన్నచో ఆగుడు. ఆ గట్టిరాయి పెచ్చు ఎగిరినప్పుడు కత్తివలె కోయును. కన్నులకు అద్దములు లేనిదే కొట్టరాదు. ప్రాచీనులు ఆ పదునును ఎరిగియే అట్టి రాళ్లతో పనిముట్లు చేసికొనిరి. కావున మీకు దొరకు చెక్కినరాయి శిలాజము కాకపోయినను పారవేయకుడు. అదియు ఒక చేతి గురుతు.

వర్నివారికి ఇంకను చేరువైన చోటు మంజీర గట్టు. ఈ నది నిజాంసాగరమును దాటి, బోధను సీమ అంచునుండి పోయి, కందకుర్తివద్ద గోదావరిలో కలియును. దీని పాత గట్లలో ఇసుక, గులకరాళ్లు సున్నముతో అతుకుకొని గట్టిపడిన పొరలు కన్పట్టును. ఎగువన మహారాష్ట్రమున లాతూరు జిల్లాలో, ఈ మంజీర గట్ల అట్టి పొరలలోనే, పూర్వపు ఏనుగుల, అడవిపశువుల, నీటిగుర్రముల ఎముకలు దొరకినవి. నీటిగుర్రము! నేడు ఆఫ్రికాలో తప్ప అడవిలో కానరాని జంతువు మంజీర మడుగులలో మునిగి తేలినది. లావానాటి నత్తతో పోల్చిన ఇది నిన్నటి సంగతి. వేలలో లెక్కింపదగిన కాలము. శిలాజమైన ఎముక సామాన్యపు ఎముకకంటె బరువుగా నుండును. గోటితో మీటిన గంటవలె కాకపోయినను రాయివలె పలుకును. నాలుక కొననంటించి చూచినచో తరచుగా అతుకుకొనును. ఆ పరీక్ష చేయుటకు సంకోచించువారు చేయనక్కరలేదు.

పెద్ద యెముకలు చూడగోరువారు గోదావరికి దిగువగా ప్రాణహిత సంగమమువైపు పోవలెను. అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లివద్ద త్రవ్విన కోటాసారస్ అను రాక్షసిబల్లి అస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున నిలిపియున్నది. దాని పొడవు 44 అడుగులు. యాదగిరిగారు 1988లో దానిని వర్ణించి పేరుపెట్టిరి. నదికి ఆవలి ఒడ్డున సిరొంచ తాలూకాలో దొరకిన బరపాసారస్ టాగోరీకి రవీంద్రుని పేరు కలిపిరి. అది కలకత్తాలో నున్నది. రైలెక్కి పోయి చూడవచ్చును గావున వీనిని గూర్చి ఇంతతో విడుచుచున్నాను.

నేను విడువజాలని సంగతి మరియొకటి కలదు. ఈ చెరువుపొరలు సన్ననివి. జానెడు పొర ఒక్క గుట్టప్రక్కన వంద గజముల మేర ఉన్నచో అదే గొప్ప. కంకరయంత్రము వారమురోజులలో దానిని నల్లరాతితో కలిపి మ్రింగగలదు. మంజీర గట్టున ఇసుక తోడుకొనిపోవు లారీకి గులకపొర ఏది, ఎముక ఏది? బాటలు వేయవద్దనుటకు, ఇండ్లు కట్టవద్దనుటకు నాకు నోరు రాదు. నేను నడచినదియు ఆ బాటలమీదనే. కాని త్రవ్వువాడు ఒక గడియ యాగి చూచుటకు, చూచినదానిని ఒకరికి చెప్పుటకు ఎంత వ్యయమగును? నస్కల్ పొర ఎవరికంటను పడకముందే బాటక్రింద పరచబడియున్నచో ఆ పన్ను నేడు లేదు, ఆ జంతువు బ్రదికినదని చెప్పువాడును లేడు.

కావున దొరకినదానిని ఊడదీయుటకంటె ముందు వ్రాసికొనుడు. ఏ ఊరు, ఏ వాగు, ఎవరి చేనికి ఏ దిక్కున, నేలనుండి ఎన్ని మూరల ఎత్తున, పైన ఏ రాయి, క్రింద ఏ రాయి, ఏ తేదీ. చేతిఫోనుతో ఒక ఛాయాచిత్రము తీయుడు. ప్రక్కన ఒక రూపాయి బిళ్ల నుంచినచో కొలత తెలియును. రాతిని పాతపత్రికలో చుట్టి, ఆ చీటిని దానితోనే కట్టుడు. చీటి లేని శిలాజము ఊరు పేరు చెప్పలేని తప్పిపోయిన బిడ్డవంటిది. ముద్దుగా నుండవచ్చును గాని దానిని ఏ యింటికి చేర్చవలెనో తెలియదు. గట్టున అతుకుకొనియున్న పెద్ద ఎముకను మాత్రము కదలింపకుడు. గాలి తగిలిన వెంటనే పొడియగునవి ఉండును. దానిని జిగురుతో, గుడ్డతో, సున్నపుపట్టీతో కట్టి తీయుటకు నేర్పు కావలెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్రశాఖ యున్నది. హైదరాబాదుననే భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారి దక్షిణమండల కార్యాలయము కలదు. ఛాయాచిత్రముతో ఒక ఉత్తరము వ్రాయుడు.

వెదుకుటకు తగిన కాలము కార్తీకము మొదలు మాఘము వరకు. వానలు గట్లను క్రొత్తగా కోసి, రాళ్లను కడిగి పెట్టియుండును, వాగులు తేటపడియుండును, ఎండ తీక్ష్ణము కాదు. ఉదయముననే బయలుదేరి ఏటవాలు వెలుగులో చూచినచో గుల్ల అంచులు నీడలతో తెలియవచ్చును. మిట్టమధ్యాహ్నమున అన్ని రాళ్లును ఒక్కటిగానే కనబడును. సుత్తి, భూతద్దము, కన్నులకు అద్దములు, పాతపత్రికలు, పెన్సిలు, నీళ్లసీసా చాలును. చేను దాటునప్పుడు చేనివానిని అడిగి దాటుడు. ఆ వాగులో ఏ వంపున తెల్లని గుల్లలు గల రాయి యున్నదో పసులకాపరి మీకంటె ముందే చూచియుండును.